తలుపు వెనక కవర్లు

మధ్యాహ్నం రెండింటికే అమ్మ పని నుంచి ఇంటికి వచ్చేసింది. కుడిచేతికి పెద్ద కట్టు. వెనకే అమ్మ సంచి పట్టుకుని పిన్ని.

"ఏమైందమ్మా?" బడికి సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్న పిడుగు హోంవర్క్ వదిలేసి పరుగెత్తింది. అల్లరికి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది.

"ఏం లేదులే. మూడు కుట్లు."

అమ్మా, పిన్నీ చెత్తను వేరుచేసే షెడ్డులో పనిచేస్తారు. బెల్టు మీద వచ్చే ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు ఏరుతారు.

"మళ్లీ కవర్లే!" పిన్ని మండిపడింది. "మిషన్ రోలర్లకు చుట్టుకున్నాయి. ఆపి, కత్తితో కోస్తుంటే అక్క చెయ్యి తెగింది. సీసాల డబ్బాలో కవర్లు వెయ్యొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినరే! ఎవరో మహానుభావులు కవరు నిండా కవర్లు కుక్కి పడేశారు."

పిడుగు వంటింటి తలుపు వైపు చూసింది.

వంటింటి తలుపు వెనక మేకుకు ఒక పెద్ద కవరు వేలాడుతుంటుంది. పాల ప్యాకెట్లు, బ్రెడ్డు కవర్లు అన్నీ అందులోకే. వాటిని కడిగి, ఆరబెట్టి, వీధి చివర దుకాణంలోని కవర్ల పెట్టెలో వేసి రావడం పిడుగు పని. మొన్న ఆటకు ఆలస్యమవుతోందని దాన్ని అలాగే వీధిలోని సీసాల డబ్బాలో కుక్కేసింది. అదీ ప్లాస్టిక్కే, ఇదీ ప్లాస్టిక్కే అనుకుంది.

"అమ్మా... నేనూ వేశాను."

పిన్ని అమ్మ సంచిని కింద పెట్టి, పిడుగు వైపు తిరిగింది.

"నీదే అయ్యుండాలని ఏముంది," అంది అమ్మ, గోడవైపు చూస్తూ. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు అమ్మ ఎడమచేత్తో జడ వేసింది. బడికి చేరేలోపే ఊడిపోయింది.

ఆ వారమంతా వాన. పిడుగు కడిగి తీగకు తగిలించిన ప్యాకెట్లు ఎంతకీ ఆరలేదు. లోపల చెయ్యి పెట్టి పాత గుడ్డతో ఒక్కొక్కటే తుడిచింది. ఆదివారం దుకాణానికి మోసుకెళ్తే పెట్టె మూత కూడా పడటం లేదు.

"నిండిపోయింది పాపా. వచ్చే వారం ఖాళీ చేస్తారట," అన్నాడు దుకాణం తాత.

తిరిగి వచ్చే దారిలో సీసాల డబ్బా. వీధిలో ఎవరూ లేరు. చేతులు నొప్పెడుతున్నాయి. పిడుగు ఒక్క క్షణం ఆగింది. కవరును చంకలోకి ఎగదోసుకుని ఇంటిదారి పట్టింది.

వంటింట్లో అమ్మ ఎడమచేత్తో గిన్నెలు తోముతోంది. పిడుగు కవరును మళ్లీ మేకుకు తగిలించి, అమ్మ చేతిలోంచి పీచు అందుకుంది.