మానేసిన తొమ్మిదో రోజు

మధ్యాహ్నం రెండయింది. తొమ్మిదంతస్తుల భవనం పైకప్పు మీద, లిఫ్టు మోటారు ఉండే చిన్న గదిలో నేను గ్రీజు పూస్తున్నాను. మా అక్క భర్త, నాతో కలిసి పనిచేసే బావ, అట్టడుగున గుంతలో స్ప్రింగులు బాగుచేస్తున్నాడు. లిఫ్టు డబ్బా మూడో అంతస్తులో ఆపి ఉంది.

మా పనికి ఒక నియమం ఉంది. ఎంతమంది పనిలో ఉంటే అన్ని తాళాలు మెయిన్ స్విచ్ మీద పడాలి. ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉండాలి. అన్నీ తీస్తేగానీ కరెంటు రాదు.

ఆరేళ్ళ క్రితం నాకు పని నేర్పిన మేస్త్రీ తన తాళం ఇంట్లో మరిచిపోయాడు. "నీ తాళమే ఇద్దరికీ చాల్లేరా అబ్బాయ్," అన్నాడు. గంజాయి సిగరెట్టు చెరిసగం తాగాం. ఆయన గుంతలో దిగాడు. ఆ మత్తులో ఆయన కింద ఉన్న సంగతే మరిచిపోయి, నేను తాళం తీసి స్విచ్ వేశాను.

లిఫ్టు దానంతటదే కదిలి మేస్త్రీ ప్రాణం తీసిందన్నారు అందరూ. నేనూ ఊఁ కొట్టాను. ఆ రోజు నుంచి గంజాయి తాగని రాత్రి లేదు. తాగితే కలలు రావు. "ఇది వ్యసనం కాదక్కా, ఎప్పుడంటే అప్పుడు మానేస్తా," అని ఆరేళ్ళూ చెబుతూనే వచ్చాను.

చివరికి అక్క తెగేసి చెప్పింది. "మత్తులో ఉన్నవాడి చేతిలో నా మొగుడి ప్రాణం పెట్టను. నీ మొండితనమేదో దాని మీద చూపించరా."

చూపిస్తున్నాను. తొమ్మిది రోజులయింది. చెమటకి పక్కబట్టలు తడిసిపోతున్నాయి. అన్నం మన్నులా ఉంటోంది. అయినదానికీ కానిదానికీ కస్సుమంటున్నాను. "బామ్మర్దీ, నీతో మాట్లాడాలంటే ముందు హెల్మెట్ పెట్టుకోవాలి," అని బావ నవ్వుతున్నాడు. కలలు తిరిగొచ్చాయి. ప్రతి కలలోనూ మేస్త్రీయే. గుంతలో నాకు వీపు చూపిస్తూ నిలబడి ఉంటాడు.

గ్రీజు డబ్బా మూత పెడుతుండగా, లిఫ్టు తాళ్ళు కిందికి దిగే రంధ్రంలోంచి బావ గొంతు వినిపించింది.

"పనైపోయింది... కరెంటివ్వు."

జేబులో చెయ్యి పెట్టుకుంటూ స్విచ్ దగ్గరికి వెళ్ళాను. బావ తాళం తెరుచుకుని ఉంది. దాని తాళంచెవి కిందున్న బావ జేబులో ఉంది.

నా తాళంచెవి జేబులోనే వదిలేసి రంధ్రం మీదికి వంగాను.

"పైకి రా బావా. కనబడితేనే ఇస్తాను."

రంధ్రంలోంచి సన్నగా పొగ పైకొచ్చింది. ఆ వాసన... పచ్చిగా, తియ్యగా... నా నోట్లో నీళ్ళూరాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

"కనబడితే తట్టుకోలేవురా అబ్బాయ్," అంది గొంతు. అది బావ గొంతు కాదు. "ఒక్క దమ్ము కొట్టు. ఇక కలలోకి కూడా రాను."

మోటారు మీద వెలిగించిన సిగరెట్టు ఒకటి ఉంది. సగమే ఉంది. నా చెయ్యి దానికేసి వెళ్ళింది. వేళ్ళకి వేడి తగిలింది... ఒక్కటే కదా... ఎవరు చూస్తారు...

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ రాని కోపం.

"నిన్ను చంపింది నేనే మేస్త్రీ!" అని అరిచాను. "తాళం తీసింది నేనే. మత్తులో తీశాను. ఊరందరికీ చెబుతాను, జైలుకైనా పోతాను. రోజూ కలలోకి రా, కూర్చుని మాట్లాడుకుందాం. అంతేగానీ తాగను!"

సిగరెట్టుని బూటుతో నలిపేశాను. నా తాళంచెవి పళ్ళ మధ్య గట్టిగా కరిచి పట్టుకున్నాను. దమ్ము కొట్టడానికి నోట్లో చోటు లేకుండా చేశాను. తీసుకో, ఎలా తీసుకుంటావో చూస్తా!

తర్వాత చిన్న నవ్వు.

"సరేలే. కింద ఇంకొకడు ఉన్నాడుగా."

ఆ నవ్వు తాళ్ళ వెంబడి కిందికి జారింది. తొమ్మిది... ఎనిమిది... ఏడు... ఒక్కో అంతస్తు తలుపూ సన్నగా అదురుతోంది.

మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తాను. గుంత దగ్గరికి చేరేసరికి బావ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. వంగి చెయ్యి అందించాను.

బావ నా చెయ్యి పట్టుకోలేదు. ఎర్రబడ్డ కళ్ళతో నావైపు చూసి మెల్లగా నవ్వాడు.

"బామ్మర్దీ... అగ్గిపెట్టె ఉందా?"

పుట్టి బుద్ధెరిగాక బీడీ ముక్క కూడా ముట్టని మనిషి!

"లేదు బావా. ఉన్నా ఇవ్వను. లే, ఇంటికి పోదాం. నేనున్నాను," అన్నాను. చొక్కా పట్టుకుని బలవంతంగా పైకి లాగాను.

మర్నాడు బావకి ఏమీ గుర్తులేదు. అక్క సబ్బుతో, ఉప్పుతో, చివరికి కిరసనాయిలుతో ఆయన కుడిచెయ్యి రుద్దుతూనే ఉంది. చూపుడు వేలికీ మధ్యవేలికీ నడుమ, ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకుండే పసుపుపచ్చ మచ్చ. అది రోజురోజుకీ ముదురుతోంది.