దాచిపెట్టిన చేతులు

తెల్లవారేసరికే అప్పలసూరి పెరట్లో పనస దుంగ మీద ఉలి చప్పుడు మొదలైంది. బొబ్బిలి పక్కనున్న ఆ ఊళ్ళో, వీణలు చేసే ఇళ్ళన్నిటా పొద్దు అలాగే మొదలవుతుంది. వసారాలో అతని భార్య కూర్మమ్మ నాలుగేళ్ళ మనవడు కొండబాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చద్దన్నం తినిపిస్తోంది.

"ఆడి సేత్తో ఆణ్ణి తిననీ అత్తా," అంది కోడలు నీలవేణి, నీళ్ళబిందె దించుతూ.

"సేయి కాలితే నువ్వు తీరుస్తావేటి?"

"సద్దన్నానికి సేయి కాలుద్దా?"

కూర్మమ్మ వినిపించుకోలేదు.

పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో కొండబాబు చేతులకు కాపలా. కర్రాబిళ్ళ ఆడకూడదు. రాయి విసరకూడదు. చెట్టు జోలికి పోకూడదు. ఉలి పట్టాల్సిన చేతులకు దెబ్బ తగలకూడదన్నది అప్పలసూరి శాసనం. దానికి కారణం ఊరందరికీ తెలుసు. ఆయన పెద్దకొడుకు జగన్నాధం చిన్నతనంలో జామచెట్టు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేతిలో మరి ఉలి నిలవలేదు. ఇప్పుడతను రాజాంలో ధాన్యం కొట్లో పని చేస్తున్నాడు. రెండోవాడు నరసింగరావు, నీలవేణి భర్త, తండ్రి పక్కనే కూర్చుని వీణలు చెక్కుతాడు. తండ్రి మాటకు ఎదురు చెప్పడం మటుకు అతనికి రాదు.

కొండబాబు మజ్జిగ గ్లాసు అందుకోబోయాడు. చెయ్యి గ్లాసు పక్కకు పోయింది. మజ్జిగంతా ఒలికింది.

"మా నాయనే," అని మురిపెంగా తుడిచింది కూర్మమ్మ. నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. తన ఈడు పిల్లలందరూ బంతి పట్టుకుంటుంటే, వీడు బంతి వస్తోందంటే మొహం దాచుకుంటాడు.

అందుకే ఆమె ఎండలు తగ్గినప్పటినుంచీ, ఏటికి బట్టలు ఉతకడానికి వెళుతున్నానని చెప్పి, వాణ్ణి బాలవాడికి తీసుకెళుతోంది. అక్కడి పంతులమ్మ తాయారు పిల్లల చేత గుడ్డబంతులు విసిరిస్తుంది, కుండలో గులకరాళ్ళు వేయిస్తుంది, ముగ్గుగీత మీద నడిపిస్తుంది, ఒంటికాలి మీద గెంతిస్తుంది. "కన్ను చూసిన చోటికి చెయ్యి పోవాలంటే ముందు ఒళ్ళు ఆడాలమ్మా. ఒక్కరోజులో రాదు. ఆడించగా ఆడించగా వస్తుంది," అని చెప్పింది.

ఆ రోజు ఆటలో కొండబాబు వేలి కణుపు గీరుకుపోయింది. ఇంటికి రాగానే కూర్మమ్మ చూడనే చూసింది.

"ఓలమ్మో! ఈ నెత్తురేటిరా?"

"బంతాడినాను మామ్మా," అన్నాడు వాడు సంబరంగా.

ఆ కేకకు అప్పలసూరి చేతిలో చెక్కసుత్తితోనే వచ్చాడు. వెనకాలే నరసింగరావు.

"ఎవలు సెప్పినారే నీకు, ఆణ్ణి అక్కడికి తీసుకెల్లమని?"

"ఎవలూ సెప్పనేదు మావా. నానే తీసుకెల్లినాను."

"దొంగతనంగానా? ఈ దసరాకి ఆడి సేతికి ఉలి ఇద్దామని నానుంటే, నువ్వు బంతులాడిస్తావా?"

"దసరా దాకా ఏల? ఇప్పుడే ఇయ్యి, సూద్దాం!"

ఆమె మామగారి చేతిలోంచి సుత్తి లాక్కుంది. దాన్ని కొడుక్కిచ్చి, మేకను కట్టే గుంజ చూపించింది. "దీని నెత్తిన కొట్టరా."

కొండబాబు రెండు చేతులతో ఎత్తి వేశాడు. సుత్తి నేల మీద పడింది. మళ్ళీ ఎత్తాడు. ఈసారి కాలి బొటనవేలి పక్కన పడింది. వాడు బిక్కమొహం వేశాడు.

అప్పలసూరి మొహం నల్లబడింది. "ఈ గుంటడి సేతిలో పని నేదు. నరసింగా, రాజాం కబురెట్టు. జగ్గడి కొడుకుని రమ్మను. నా పనిముట్లు ఆడికే ఇస్తాను."

నరసింగరావు తల దించుకున్నాడు. అది చూసి నీలవేణికి కట్టలు తెగాయి.

"పని నేదా? నాలుగేల్లు మూటకట్టి దాసీసి, ఇప్పుడు పని నేదంటావా? పచ్చి దుంగని ఆరబెట్టకండా నువ్వు ఉలి పెడతావా మావా? నా కొడుక్కి దుంగపాటి ఇలవ నేదా?" మొగుడి వైపు తిరిగింది. "నువ్వేటి, నోట్లో మైనం పెట్టుకున్నావా?"

"అయ్య మాట..." అని నసిగాడతను.

"అయ్య మాట అయ్యకి. కొడుకు నీకు!"

"నోర్ముయ్యి!" అరిచాడు అప్పలసూరి. "ఈ ఇంట్లో గొంతు లేపిన ఆడది నేదు."

"ఇయాల ఉన్నాది. సూసుకో!"

"ఆడి వయసుకి నానూ సుత్తి పట్టినాను. నన్నెవలాడించినారే?"

"ఎవలాడించినారా?" అంది కూర్మమ్మ ఉన్నట్టుండి. ఆమె అప్పలసూరికి మేనమామ కూతురు. ఇద్దరూ ఒక్క వీధిలో పెరిగారు. "మా దొడ్లో మావిడిసెట్టు నడుగు! నువ్వు రాయేస్తే కాయ తొడిమి కాడ తెగి పడీది. మా అయ్య కర్రట్టుకుని తరిమీవోడు. గెడ్డ నీల్లలో దూకీవోడివి, తాటిసెట్లెక్కీవోడివి. నీ సేతులెవలూ దాయనేదు!"

"నువ్వూ దాని పక్కేనా?"

"దాని పక్కే. తప్పు నాదీ ఉన్నాది. రోజూ ముద్దలెట్టింది నాను కాదా?" ఆమె మనవడి గీరుకుపోయిన వేలు పట్టుకుంది. "జగ్గడు పడిపోనాడని బయపడిపోనాం. ఆ బయం తెచ్చి ఈ గుంటడి సేతులికి కట్టీసినాం బావా."

అప్పలసూరి అరుగు మీద కూలబడి మనవణ్ణి దగ్గరకు లాక్కున్నాడు. వాడి అరచేతులు విప్పి చూశాడు. వెన్నలాగున్నాయి. తన చేతుల నిండా చిన్ననాటి మచ్చలు, వాటి మీద ఉలి పట్టి కాసిన కాయలు.

"ఆడికి సేతకాదనీసినాను," అన్నాడు మెల్లగా. "సెయ్యనిస్తే కదా."

"రేపూ తీసుకెల్తాను. ఆపితే ఊరుకోను," అంది నీలవేణి. ఆమె కోపం ఇంకా దిగలేదు.

"నాను తీసుకెల్తాను."

మర్నాడు బాలవాడి ముంగిట్లో అప్పలసూరి గొంతుక్కూర్చుని, దగ్గరనుంచే గుడ్డబంతి వేశాడు. అది కొండబాబు గుండెకు తగిలి దొర్లిపోయింది. దాని వెనకాల పరుగెత్తుతూ వాడు బోర్లా పడ్డాడు.

"ఓలమ్మో, సేతులు!" అంటూ, వెంటొచ్చి పక్కన కూర్చున్న కూర్మమ్మ లేచింది. అప్పలసూరి ఆమె కొంగు పట్టి ఆపాడు.

"ఒగ్గీ. ఆడే లెగుస్తాడు."

కొండబాబు లేచాడు. మట్టి అంటిన అరచేతులు చూసుకున్నాడు. ఏడవాలో వద్దో తెలియక తాతకేసి చూశాడు. తాత కళ్ళనిండా నీళ్ళు. అయినా చేతులు చాచే ఉన్నాయి.

"ఇటేసీరా నాయనా."

వాడు బలమంతా పెట్టి విసిరాడు. బంతి తాత నెత్తి మీంచి ఎక్కడికో పోయింది. వాకిట్లో నిలబడ్డ నీలవేణి నిన్నటినుంచి బిగబట్టిన ఏడుపు ఆపుకోలేక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ముసలాయన పంచె ఎగగట్టి, బంతి కోసం పరుగెత్తాడు.