అయిదుగురు సిస్టర్లు, నాలుగు అప్పాలు

ఉదయం 7:40. కాన్వెంట్ ఆఫీసు గదిలో ఇనుప బీరువా తెరిచి ఉంది. పై అరలో ఉండాల్సిన నీలం ఫైల్ లేదు.

అందులో ముప్ఫై ఏడుగురు ఆడవాళ్ళ వాంగ్మూలాలున్నాయి. కుట్టు మిల్లు కాలిన రోజు తలుపుకి బయట తాళం వేసి ఉందని చెప్పి అందరూ వేలిముద్రలు వేశారు. 10:30కి ఫైల్ కోర్టులో ఇవ్వాలి. ఇవ్వకపోతే కేసు కొట్టేస్తారు.

"బీరువా పగలగొట్టలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "తాళంచెవి ఎక్కడుంటుంది?"

"గోడ మేకుకి," అంది మదర్. "మాలో ఎవరికీ సొంత తాళాలుండవు మేడమ్. అన్నీ అందరివీ."

"ఫైల్ ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆరింటికి. ఆరున్నరకి పూజ. అయ్యాక వచ్చి చూస్తే లేదు."

"బయటివాళ్ళు?"

"డ్రైవర్ ఒక్కడే. వ్యాన్ కడుగుతున్నాడు."

డ్రైవర్ అల్లుడు అదే మిల్లులో వాచ్‌మన్. ఆ మాట చెవిన పడగానే కానిస్టేబుల్ అతన్ని జీపెక్కించాడు.

"నా బిడ్డ మీద ఒట్టు మదర్! నేను ముట్టలేదు!"

మదర్‌తో కలిపి సిస్టర్లు అయిదుగురూ తలలు దించుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ మనసు చివుక్కుమంది. మిల్లు కాలిన రోజు డ్యూటీలో ఉన్నది ఆమే. యజమాని మాట నమ్మి, 'ప్రమాదం' అని రాసి సంతకం పెట్టేసింది. ఇప్పుడూ ఎవరో చెప్పిన మొదటి మాటే పట్టుకుంటోందా?

ఆమె కాన్వెంట్ ప్రార్థన గుడి వైపు నడిచింది. గుమ్మం పక్కన బల్ల మీద ఒక డబ్బా, ఒక గిన్నె. డబ్బాలో పల్చటి తెల్లటి బిళ్ళలు.

"ఇవేంటి సిస్టర్?"

"టీలో ముంచుకునే బిస్కెట్లు మాత్రం కావమ్మా!" అంది వంట సిస్టర్. నవ్వబోయి ఆపుకుంది. "అప్పాలు. లోపలికి వెళ్తూ ఎవరిది వాళ్ళే గిన్నెలో వేస్తాం. పూజలో ఫాదర్ వాటినే ప్రసాదంగా ఇస్తారు."

"వెయ్యకపోతే?"

"జ్వరమొచ్చినా వేస్తాం. పెద్ద పాపం కడుపులో పెట్టుకుని మాత్రం తీసుకోకూడదు. ముందు ఫాదర్ దగ్గర ఒప్పుకోవాలి."

ఫాదర్ స్కూటర్ స్టార్ట్ చేస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ పరుగున వెళ్ళింది.

"ఫాదర్, ఈ రోజు గిన్నెలో ఎన్ని అప్పాలు?"

"నాలుగు."

"సిస్టర్లు అయిదుగురు కదా?"

ఆయన హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. "పేరు అడక్కమ్మా. చెప్పను."

8:50. భోజనాల గదిలో అందరినీ కూర్చోబెట్టింది.

"ఫైల్ తీసింది డ్రైవర్ కాదు. మీలో ఒకరు. బీరువా ముందు చెయ్యి ఆడింది, ఆ గిన్నె ముందు ఆడలేదు. ఒక్కటే అడుగుతాను. పొద్దున అప్పం వెయ్యనిది ఎవరు?"

వేశానని అబద్ధం ఆడితే పట్టుకునే దారి లేదు.

నర్సు సిస్టర్ లేచి నిలబడింది. కాలిన ఒళ్ళకి ఆర్నెల్లు కట్లు కట్టింది ఆమే. వాంగ్మూలాలు రాసిందీ ఆమే.

"ఫైల్ డిస్పెన్సరీలో ఉంది. దూది కట్టల కింద. అందులో ఒక కాగితం మాత్రం లేదు. పూజయ్యాక స్టవ్ మీద కాల్చేశాను."

"ఎవరిది?"

"వాంగ్మూలం ఇచ్చాక చచ్చిపోయిన అమ్మాయిది. తాళం వేసినవాణ్ణి చూసింది ఆ పిల్ల ఒక్కతే. వాడు మిల్లు సూపర్‌వైజర్. నా తమ్ముడు. వాణ్ణి చంకనేసుకుని పెంచాను మేడమ్."

"ఎంత పని చేశావే తల్లీ!" అంది వంట సిస్టర్.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. "ఆ అమ్మాయి చెప్పింది గుర్తుందా?"

"ప్రతి మాటా గుర్తుంది. కాగితం కాలింది గానీ అది పోలేదు."

"అయితే బోనెక్కి చెప్పండి. నేనూ వస్తాను. నా రిపోర్టు తప్పని నేనూ చెప్పుకోవాలి."

"వాడు ఎదురుగా ఉంటాడు."

"ఉంటాడు."

నర్సు సిస్టర్ మదర్ వైపు తిరిగింది. "పర్మిషన్ ఇస్తారా మదర్?"

"దీనికి నన్నడగక్కర్లేదమ్మా. వెళ్ళు."

ఆమె ముందు జీపు దగ్గరికి వెళ్ళింది. "నన్ను క్షమించన్నా," అంది. డ్రైవర్ దిగి వెళ్ళి వ్యాన్ తలుపు తీశాడు.

10:50. బోనులో నర్సు సిస్టర్. ఎదుటి బెంచీ మీద తమ్ముడు తల ఎత్తలేదు.

"సూపర్‌వైజర్ మీకేమవుతాడు?" అన్నాడు లాయర్.

"తమ్ముడు. తోడబుట్టినవాడు."

కళ్ళు మూసుకుంది. చనిపోయిన పిల్ల చెప్పింది చెప్పినట్టే మొదలుపెట్టింది.

"నేను కిటికీ పక్క మిషన్ మీద కుడుతున్నాను. సార్ తలుపు మూశాడు. తాళం వేశాడు. సార్, తియ్యండి సార్, అని అరిచాను. ఆయన నా వైపు చూశాడు."