పిట్టల మ్యూజియంల బుగ్గమ్మ

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు పోయే దారిల ఒక సందున్నది. ఏ సందో చెప్పను — పాపం, అక్కడ ఇండ్లు కిరాయికి పోవాలె కద. ఆ సందుల పిట్టల మ్యూజియం ఉండె. దీపాలు పెట్టినంక దాని ముంగట నుంచి ఒంటిగ పోయేటోళ్ళే లేకుండె. ఆటోవాళ్ళు నారాయణగూడ మీదికెల్లి తిప్పుకొస్తుండ్రి. దయ్యం పేరు జెప్పి మీటరు మీద ఎక్కువ గూడ అడుగుతుండ్రి.

మ్యూజియంకు ఎదురుంగ నాది ఎస్‌టీడీ బూతు. అద్దాల డబ్బల నిలబడి, రహస్యమనుకుంట మాట్లాడేటోళ్ళే అందరికన్న ఎక్కువ ఒర్రుతరు. గందుకే ఈ ముచ్చట మొత్తం నా చెవులబడ్డది.

మ్యూజియం వీరరాఘవరావు సారుది. కాలేజీల జువాలజీ చెప్పి రిటైరయిండు. నల్లకుంట నుంచి వచ్చి ఆ పాత మిద్దె కిరాయికి తీసుకున్నడు. కింది అర్రల గూళ్ళు, ఈకెలు, గుడ్డు పెంకులు అద్దాల పెట్టెలల్ల పెట్టిండు. చలికాలం రాంగనే, ఆదివారం పొద్దుగాల ఇందిరా పార్కుల వలస పిట్టలను చూపిస్తనని గల్లీ అంత పిలుస్తుండె. ఉప్మా పెడ్తవా సారూ అని అడిగి, లేదంటే మల్ల దుప్పటి కప్పుకుందురు మనోళ్ళు. గేటు మీద ఆయన రాయించిన బోర్డు ఒకటి — "దెయ్యాలు లేవు. ప్రకృతి ఉంది."

ఆ బోర్డున్న ఇంట్లనే దయ్యం బయలెల్లింది.

ముందుగాల చూసింది ఎల్లేష్. పాలమూరు పిలగాడు, హాస్టల్ల ఉండి గ్రూప్స్‌కు చదువుతుండె. ఒక రాత్రి లైబ్రరీ బంద్ అయినంక, మూఢనమ్మకాల మీద వ్యాసం బట్టీ కొట్టుకుంట వస్తుండంట. మ్యూజియం మీది అర్రల — తాళమేసిన అర్రల — ఎవరో గురక పెడ్తున్నట్టు... స్స్స్స్... స్స్స్స్...

తలెత్తి చూసిండు. కిటికిల తెల్లటి మొఖం. ముక్కు లేదు. చూస్తుండంగనే ఆ మొఖం గిర్రున వెనకకు తిరిగింది...

ఉరికొచ్చి నా బూతుల పడ్డడు. ఒక కాలికి చెప్పు లేదు. వ్యాసం మొత్తం మర్చిపోయిండు.

తెల్లారి సారు వచ్చి దోస్తుకు ఫోన్ చేసిండు. మొఖం వెలిగిపోతున్నది. "తెల్ల గుడ్లగూబండీ! మా పై గదిలో పిల్లల్ని పెట్టింది. ఆకలేస్తే గురక పెట్టినట్టు అరుస్తాయి. ఇంకొన్నాళ్ళు ఆగితే ఎగిరిపోతాయి!"

ఫోన్ పెట్టినంక నా దిక్కు చూసిండు. "ఎవరికీ చెప్పకు కనకయ్యా. చంపేస్తారు."

నిజమే. ఇంటి మీద గుడ్లగూబ వాలిందంటే మా గల్లీల రాళ్ళు ఊకుంటయా?

ఎల్లేష్ చూసింది దయ్యమని కొందరు, గుడ్లగూబ అని కొందరు అనుకుంట ఉండంగ, ఆ సాయంత్రం కరెంటు పోయింది. చీకట్ల మ్యూజియం గేటు కాడ కమలవ్వ ముందు, గల్లీ అంత వెనక — చేతులల్ల కట్టెలు, కిరసనాయిల్ గుడ్డలు. కమలవ్వ మా గల్లీకి పెద్ద దిక్కు. మనమరాలు కాన్పుకొచ్చి ఇంట్ల ఉన్నది. ముసలామె పరేషాన్ అంత గదే.

పైన... స్స్స్స్...

"నిజం చెప్పు సారూ," అన్నది కమలవ్వ గొంతు తగ్గించి. "దయ్యమైతే నిమ్మకాయ కట్టి పోతం. గుడ్లగూబ అయితే మాత్రం ఇప్పుడే పొగ పెడ్తం. ఇంట్ల నిండు చూలాలున్నది, జర సమజ్ చేస్కో."

సారు బోర్డు దిక్కు చూసిండు. మీది అర్ర దిక్కు చూసిండు. నాకే జాలేసింది.

"దెయ్యమేనమ్మా..."

"ఎవలది?"

ఏం జెప్పాలె, దయ్యానికి గూడ రేషన్ కార్డు అడిగినట్టే! సారు తడబడి, "బుగ్గమ్మ..." అన్నడు.

కమలవ్వ చేతుల కట్టె కింద పడ్డది. రెండడుగులు వెనకకు జరిగింది.

సారుకు ధైర్యమొచ్చింది. "చీకటి పడ్డాకే బయటికొస్తుంది. చప్పుడు లేకుండా తిరుగుతుంది. ఎలుకలంటే ప్రాణం. మనుషుల జోలికి రాదు. కానీ ఒక్క రాయి వేశారో..." అని ఆపిండు.

పదేండ్ల నుంచి ఆయన ఉపన్యాసాలిస్తుండు. గల్లీ చివరిదాక విన్నది గా రోజే. ఎల్లేష్ అయితే పరీక్షల వస్తదేమో అని మల్లమల్ల అడిగిండు.

ఇగ రోజూ సందు నిండ జనం. సారు షరతులు పెట్టిండు — మాట్లాడొద్దు, టార్చి కొట్టొద్దు, మెరిసే బట్టలొద్దు, కదలకుండ కూసోవాలె. పిట్టలు చూసేటందుకు రమ్మని మొత్తుకున్నప్పుడు చెప్పిన మాటలే ఇవి! పిట్టలకు రానోళ్ళు దయ్యానికి చాపలు పట్టుకొని వచ్చిండ్రు. పిల్లలు కొబ్బరి చిప్పలతోని గూళ్ళు చేసి, బుగ్గమ్మకు మొక్కు అని గోడకు కట్టిండ్రు. అండ్ల పిచ్చుకలు చేరినయి. మ్యూజియానికి గసొంటి సీజను మల్ల రాలే.

కమలవ్వ మనమరాలు సుఖంగ ఆడపిల్లను కన్నది. ఆ వారమే గుడ్లగూబ పిల్లలు ఎగిరిపోయినయి, వాటెనక తల్లి గూడ. సారు మీది అర్ర ఊడ్పించి, తాళమేసి, గల్లీ జనాన్ని పిలిచిండు. చెప్పిన అబద్ధం ఆయనకు అరుగుతలేదు.

"అది గుడ్లగూబ," అన్నడు. "బుగ్గమ్మా లేదు, గిగ్గమ్మా లేదు. నోటికొచ్చిన పేరు చెప్పాను. క్షమించండి."

ఎవ్వలు కోపం చెయ్యలే. నవ్విండ్రు. "బుగ్గమ్మ సారును మస్తు బెదిరించినట్టుంది," అనుకుంట పోయిండ్రు.

కమలవ్వ ఒక్కతే నవ్వలే. ఒళ్ళున్న పసిపిల్లను సదురుకున్నది.

"నోటికొచ్చిన పేరా సారూ?... నువ్వు రాకముందు ఈ ఇల్లు ఆమెదే. బుగ్గమ్మ. ఆ మీది అర్రలనే ఒంటిగ పానం పోయింది. గల్లీల నాకు తప్ప ఎవ్వలకు యాది లేదు. నువ్వు ఆ పేరు జెప్పంగనే నా చేతుల కట్టె జారింది గందుకే."

సారు నవ్వబోయిండు.

తాళమేసిన అర్రల... స్స్స్స్...

"పిల్లలన్నీ... వెళ్ళిపోయాయి కదా కనకయ్యా?"

పోయినయి. నేను గూడ చూసిన.

తెల్లారి షట్టరు లేపితే, ఎదురుంగ గేటుకు పసుపు పూసి, మిరపకాయలు గుచ్చిన కొత్త నిమ్మకాయ. "దెయ్యాలు లేవు" అన్న బోర్డు మేకుకే కట్టి ఉన్నది. కమలవ్వను అడిగితే, నేను కట్టలేదు బిడ్డా అన్నది.

అంతల సారు బూతుకొచ్చిండు, నల్లకుంటల ఏమన్న ఇల్లు ఖాళీ ఉందా అని ఫోన్ చేసేటందుకు. రిసీవర్ పట్టుకున్న ఆయన వేళ్ళకు పసుపు ఉండె.