పాడుపెట్టిన ఇంటి రాధామనోహరం

మాది వన్ టౌన్‌లో పాత ఇల్లు. పెరడంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు బట్టల తాళ్ళు, ఒక నీళ్ళ డ్రమ్ము, మా ఆవిడ హిమబిందు కుండీలు, అంతే. సాయంత్రానికి ఆకుల మీద ఓడరేవు బొగ్గు నల్లదుమ్ము పేరుకుంటుంది. పిల్లలకి మొహం కడిగినట్టు ఒక్కో ఆకూ కడుగుతుంది ఆవిడ.

కరోనా జ్వరం తగ్గాక హిమబిందుకి వాసన తెలియడం మానేసింది. అన్నం మాడినా తెలీదు, తల్లో మల్లెపూలు పెట్టుకున్నా తెలీదు. డాక్టర్లు మెల్లగా వస్తుందన్నారు. రాలేదు. నాకు లోపల బాధగానే ఉండేది గానీ, పైకి మాత్రం "నా చెమట వాసన తప్పించుకున్నావులే" అని ఏడిపించేవాణ్ణి.

పక్కింటి గంగాలమ్మ మాత్రం ఊరుకోలేదు. మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆవిడ వైపు నుంచి రాధామనోహరం తీగ గోడంతా అల్లుకుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీరంగు, ఆ తర్వాత ఎరుపు. పొద్దుగూకితే సందు మొత్తం ఘుమఘుమే.

"దీని వాసన సచ్చినోడి ముక్కుకైనా తగుల్తాదే. రోజూ పీల్సు" అని, ఒక కొమ్మని గోడ మీంచి వంచి మా కుండీ మట్టిలో అంటు తొక్కింది. బాగా వేళ్ళు పట్టేదాకా దాన్ని తల్లి తీగ నుంచి కొయ్యకూడదంది.

ఈలోపే ఆవిడ పోయింది. నక్షత్రం మంచిది కాదట, ధనిష్ఠా పంచకం. అలా పోతే ఇల్లు పాడుపెడతారు. ఆర్నెల్లు తాళం. దీపం ఉండదు, మనిషి అడుగుపెట్టడు. ఆవిడ కొడుకు వరహాలు మద్దిలపాలెంలో అద్దింటికి వెళ్తూ నన్ను పక్కకి పిలిచాడు.

"ఈ ఇంట్లోది ఏదీ మీ ఇంట్లోకి రానీకు బావా. పుల్లముక్క కూడా."

"నానేటి దొంగనా?" అని నవ్వేశాను. కుండీ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కొన్నాళ్ళకి ఓ సాయంత్రం హిమబిందు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"బావా, వాసనొస్తంది."

ఆనందం పట్టలేక ఎత్తుకుని తిప్పేశాను. రేపే సింహాచలం వెళ్దామన్నాను. అప్పుడే వంటింట్లో పప్పు మాడింది. ఇల్లంతా ఒకటే కమురు. హిమబిందు మాత్రం నవ్వుతూనే ఉంది. ఆ కమురు ఆమెకి తెలియలేదు.

అప్పట్నుంచి పొద్దుగూకితే కుండీ దగ్గరే కూర్చునేది. ఒకరోజు "సుట్ట వాసన బావా" అంది. గంగాలమ్మ చుట్ట తాగేది, నిప్పు నోట్లోకి పెట్టుకుని. ఇంకోరోజు కళ్ళు మూసుకుని మెల్లగా చెప్పింది. "తడిసిన సాప... పసుపు నీళ్ళు... కాలి బొటనేళ్ళకి కట్టిన తాడు..."

ఈసారి నాకు నవ్వు రాలేదు. ఎన్నిసార్లు లోపలికి రమ్మన్నా వచ్చేది కాదు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. వాసన మాత్రం గొంతుకి అడ్డం పడేలా ఉంది. పెరట్లోకి వెళ్ళాను. హిమబిందు కుండీ ముందు చతికిలబడి, ఆకుల్లోకి మొహం దూర్చి గాలి పీలుస్తోంది. పీలుస్తోంది... ఇంకా పీలుస్తోంది... వదలడం లేదు.

"బిందూ, లే."

"ఉండు" అని గుసగుసలాడింది. "గుమ్మం దాకా వచ్చీసినాను."

"ఏ గుమ్మం?"

అప్పుడు చూశాను, కుండీలోంచి గోడ మీదుగా ఆ ఇంటి చీకట్లోకి పోయిన కొమ్మని. వరహాలు మాట గుర్తొచ్చింది. తలుపుకి తాళం వేశారు. దీన్ని ఎవరూ కొయ్యలేదు.

నా మనిషి నాక్కాకుండా పోతుందని భయమేసింది. వంటింట్లోకి పరుగెత్తి కత్తి తెచ్చాను. గోడ దగ్గర ఒకే ఒక్క వేటు.

కొమ్మ తెగింది.

హిమబిందు ఊపిరి వదిలింది. మెల్లగా లేచి నిలబడింది. గట్టిగా పొదివి పట్టుకున్నాను. ఒళ్ళు వెచ్చగానే ఉంది. నా భుజమ్మీద తల వాల్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంక భయం లేదు, పద" అన్నాను.

గోడ అవతల, తాళం వేసిన ఇంట్లోంచి, ఎవరో అరచేత్తో తలుపు తట్టారు.

"బావా..."

హిమబిందు గొంతు.

"నానెటు వచ్చీసినాను బావా? ఇక్కడేటీ కనపడ్డం నేదు..."

నా భుజమ్మీది తల కదల్లేదు. నా నడుం చుట్టూ ఉన్న చేతులు మాత్రం ఇంకొంచెం బిగిశాయి.