ఖాళీ బస్సులో పన్నెండు రాణులు

"ఆపండీ! ఒక్క నిమిషం ఆపండీ!"

ఆ అమ్మాయి అరిచింది గానీ పరుగెత్తలేదు. అదే నాకు వింతగా తోచింది. రెండు చేతులతో ఒక చెక్కపెట్టెను గుండెకు హత్తుకుని, నిండు బిందె మోస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. వచ్చేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

"ఈ టైంటేబుల్ రాసిన మహానుభావుడెవడో ఒక్కసారి నా కంటపడాలి!" అంది, అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి నాతోనే. "ఆ బస్సు దిగి ఈ బస్సెక్కడానికి ఏడు నిమిషాలట! వాళ్ళింట్లో అందరూ పరుగు పందెంగాళ్ళే కాబోలు!"

నేను గొడుగు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. ఏమనగలను? ఆ మహానుభావుణ్ణి నేనే.

ఏడేళ్ళుగా నా ఉద్యోగం అదే. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఎక్కడ దేనికి అందాలో ఆఫీసు మూడో అంతస్తులో కూర్చుని రాస్తాను. ఈ స్టాండు మీద పదకొండు ఫిర్యాదులు వచ్చేసరికి మా సారు, "కుర్చీలోంచి లేచి వెళ్ళి నీ కళ్ళతో చూసి రా నాయనా" అని పంపించారు.

నిజం చెప్పొద్దూ, ఆ ఏడు నిమిషాలు గాలిలోంచి పుట్టినవి కావు. ఒకరోజు వాచీ పట్టుకుని ఈ స్టాండులో ఆ చివర నుంచి ఈ చివరకు నేనే నడిచాను. నాలుగు నిమిషాలు పట్టింది. జాలిపడి ఇంకో మూడు కలిపాను. కానీ ఆ రోజు నా చేతిలో సామాన్లు లేవు, నా ముందు బస్సు దిగేవాళ్ళు లేరు. ఇవాళ చూస్తే బస్సులోంచి ఆఖరి మనిషి దిగడానికే ఐదు నిమిషాలైంది. ఆ ఆఖరి మనిషి ఈ అమ్మాయే.

"తర్వాత బస్సు ఎన్నింటికో తెలుసా?" అని అడిగింది.

"మూడూ యాభైకి," అన్నాను, బోర్డు వైపు చూడకుండానే.

"కంఠతా వచ్చేసినట్టుందే!"

"అదీ... ఇటు వస్తుంటాను లెండి."

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నీడగా ఉన్న బెంచీ వెతుక్కుని, పెట్టెను పక్కన పెట్టి, సీసాలో నీళ్ళు వేలితో తీసి మూత సందులోంచి బొట్టుబొట్టుగా వదిలింది.

"ఏముందండీ అందులో?"

"రాణులు. పన్నెండుమంది."

నేను నవ్వాను. ఆమె నవ్వకుండా మూత తీసింది. అగ్గిపెట్టెంత జాలీ పంజరాలు, ఒక్కో దాంట్లో ఐదారు తేనెటీగలు, వాటి మధ్య ఒక పొడుగాటి ఈగ. జుయ్యిమంది. మరుక్షణం నేను స్తంభం వెనకాల ఉన్నాను.

"ఇంత చురుగ్గా పరుగెత్తగలిగితే ఆ బస్సు మీరు పట్టుకోవాల్సింది, గొడుగు గారూ!"

"మీరెందుకు పరుగెత్తలేదు?"

"కుదిపితే చచ్చిపోతాయి. బస్సు పోతే పోయిందని నడిచాను."

అప్పుడే వాళ్ళ నాన్న ఫోన్ చేశారు. "నాన్నా, బస్సు తప్పింది. లేదు, కంగారు పడట్లేదు. నువ్వు పొగడబ్బా సిద్ధంగా పెట్టు, పెట్టెల మీద రాళ్ళు దించేసెయ్. ఎలాగోలా వస్తాలే." ఫోన్ పెట్టేశాక మాత్రం ఆకాశం వైపు చూసింది. నేనూ చూశాను. మబ్బులు దట్టంగా ఉన్నాయి.

"చీకటి పడ్డాక తేనెపెట్టెలు తెరవకూడదండీ. రేపట్నుంచి నాలుగు రోజులు వానట. వానలోనూ తెరవకూడదు. గుడ్లు పెట్టే రాణి లేక మా పెట్టెలకి ఇప్పటికే మూడు వారాలైంది. ఇంకో నాలుగు రోజులంటే ఇక అయిపోయినట్టే. మూడూ యాభై బస్సెక్కితే ఇంటికి చేరేది ఆరున్నరకి."

"పాత రాణులు ఏమయ్యాయి?"

ఆమె ఒక పంజరాన్ని వేలితో సరిచేసింది.

"నేనే చంపుకున్నా. ఈ ఏడే నాన్న పెట్టెలన్నీ నా చేతికిచ్చారు. పురుగు పడితే మందు పెట్టాను. ఎండ తగ్గాక పెట్టాలి. నేను తొందరపడి మిట్టమధ్యాహ్నం పెట్టాను. ఆ ఆవిరికి పన్నెండు రాణులూ పోయాయి. నాన్న ఒక్క మాట అనలేదు తెలుసా? తిట్టినా బాగుండేది." పంజరాలు సర్ది మూత వేసింది. "తప్పు నాది, దిద్దుకోవాల్సిందీ నేనే. అందుకే ఆ టైంటేబుల్ మనిషికి నాలుగు ఉత్తరాలు రాశాను, నీ తప్పు నువ్వు దిద్దుకో నాయనా అని. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

ఆకుపచ్చ సిరాతో వచ్చిన నాలుగు ఉత్తరాలు నా బల్ల సొరుగులో ఉన్నాయి. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఒకటి మాత్రం తెలుసు. మా బస్సులన్నీ టైంటేబుల్లో ఉండవు. ట్రిప్పు అయిపోయాక కొన్ని ఖాళీగా డిపోకి తిరిగి వెళ్తాయి. వాటిని మేం బోర్డు మీద రాయం, జనాన్ని ఎక్కించుకోం. ఒంటిగంటా ఇరవై అయిదుకి, ఈ స్టాండు వెనక బస్సులు కడిగే షెడ్డులోంచి అలాంటిదొకటి కదులుతుంది. అది వెళ్ళే డిపో, ఆ ఉత్తరాల మీద రాసిన వాళ్ళ ఊరి దారిలోనే ఉంది. టైము చూశాను. ఒంటిగంటా ఇరవై.

ఆ బస్సెక్కాలంటే డిపో మేనేజర్ అనుమతి కావాలి. అనుమతి అడగాలంటే నేనెవరో చెప్పాలి. పక్కకెళ్ళి మాట్లాడదామంటే, ఆమె నన్నే చూస్తోంది. సరే, ఆ నాలుగు ఉత్తరాలకి ఇప్పుడైనా జవాబివ్వాలి కదా అనుకుని అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"సార్, నేను టైంటేబుల్ సెక్షన్ నుంచి మాట్లాడుతున్నాను. అవునండీ, ఈ స్టాండు ఏడు నిమిషాలు రాసింది నేనే... నా లెక్క తప్పడం వల్ల ఒక ప్యాసింజర్ ఇరుక్కుపోయారు. మీ ఖాళీ బస్సులో ఎక్కించండి. బాధ్యత నాది, రాసిస్తాను."

ఫోన్ పెట్టేసి తల తిప్పాను. ఆమె కళ్ళు ఇంతింతయ్యాయి.

"మీరా!"

"నేనే. తిట్లు బస్సెక్కాక తిట్టండి. మనకి రెండు నిమిషాలే ఉంది. మీరు నడవండి, నేను పరుగెత్తి ఆపుతాను."

పరుగెత్తాను. అదృష్టం బాగుండి బస్సు ఇంకా షెడ్డులోనే ఉంది. ఆమె వచ్చేదాకా డ్రైవరన్న చేయి పట్టుకుని వదల్లేదు.

ఆమె మొదటి సీట్లో కూర్చుంది. బాధ్యత నాదన్నాను కాబట్టి నేనూ ఎక్కి, ప్రాణభయంతో ఆఖరి సీట్లో కూర్చున్నాను. డ్రైవరన్న అద్దంలో చూసి, "ఏంటి సార్, ఇద్దరికీ నలభై సీట్లు చాలట్లేదా?" అన్నాడు.

రోడ్డు గతుకుల్లో పడింది. నేను సీటుకీ కప్పుకీ మధ్య బంతిలా ఎగురుతున్నాను. ఆమె వెనక్కి తిరగకుండానే, "ముందుకు రండి. అక్కడ నడుం విరిగితే రేపు టైంటేబుల్ ఎవరు దిద్దుతారు?" అంది. ముందుకు వెళ్ళాను.

"దాచేస్తే నాకు తెలిసేదే కాదు. ఎందుకు చెప్పారు?"

"మీ తప్పు మీరు చెప్పేశారుగా. నాకు సిగ్గేసింది."

ఆమె పెట్టె ఒక అంచు నా ఒడిలోకి జరిపింది. "పట్టుకోండి. కుదుపు తగ్గుతుంది." పట్టుకున్నాను. చెక్క కింద సన్నగా జుమ్మంటోంది. భయమేసింది. అయినా వదలబుద్ధి కాలేదు.

డిపోలో దిగాక నా తెలివి అయిపోయింది. ఊరికి ఇంకా పన్నెండు కిలోమీటర్లుంది. అక్కణ్ణుంచి ఆమె వంతు. క్యాంటీన్‌కి కూరగాయలు దించి తిరిగి వెళ్తున్న వ్యాన్ దగ్గరికెళ్ళి, "అన్నా, మీ ఇంట్లో పిల్లలు తేనె తింటారా?" అని మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో బేరం కుదిరింది. ఖాళీ బుట్టల మధ్య కూర్చుని, పెట్టె చెరో వైపు పట్టుకుని మూడున్నరకల్లా ఇల్లు చేరాం.

నాన్నగారు ఈగల్ని శాంతపరిచే పొగడబ్బాతో ఎదురొచ్చారు. "ఈ అబ్బాయి ఎవరమ్మా?"

"టైంటేబుల్ రాసేది ఈయనే నాన్నా."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఓహో, నువ్వేనా!" అని ఈగలు కుట్టకుండా నా తలకి వల తొడిగారు. అది గౌరవమో శిక్షో నాకు తెలియలేదు.

పన్నెండు పెట్టెల్లో పన్నెండు పంజరాలు. ఒక్కో పంజరం తలుపుకి పంచదార ముద్ద అడ్డం ఉంటుంది. అది తింటూ పెట్టెలోని ఈగలు రాణి వాసనకి అలవాటు పడాలి. పడితే రాణి బతికి గుడ్లు పెడుతుంది, పడకపోతే చంపేస్తాయి. ఆఖరి మూత వేస్తుంటే నా మెడ మీద మొదటి చినుకు పడింది. ఆమె నావైపు చూసి, ఆ రోజంతటిలో మొదటిసారి, మనసారా నవ్వింది. నా పని అయిపోయింది.

నాలుగు రోజులు వాన. ఆఫీసులో ఒక్క బస్సూ తిన్నగా రాయలేకపోయాను. ఐదో రోజు ఫోన్ వచ్చింది. "రేపు పెట్టెలు తెరుస్తున్నాం. ఒక్కదాన్నే చూడాలంటే భయంగా ఉందండీ. వస్తారా?"

వెళ్ళకుండా ఎలా ఉంటాను? వెళ్ళాను.

ఆమె మొదటి పెట్టె మూత తీసింది. మైనపు గదులున్న అట్టను ఎండకి ఎత్తి పట్టుకుంది. ఒక్కో గదిలోకీ తొంగి చూసింది.

"గుడ్లు," అంది. ఆ తర్వాత అరిచింది. "నాన్నా, గుడ్లు పెట్టింది!"

పన్నెండింటికి పదకొండు నిలిచాయి. నాన్నగారు అన్నీ చూసి, కూతురి తల మీద చేయి వేసి, "బాగా చేశావమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకి, ఇన్ని వారాలుగా ఆపుకున్నదంతా బయటికొచ్చి, వలలోపలే ఏడ్చేసింది. ఆయన చూడనట్టు నటించి పొగడబ్బా పట్టుకుని షెడ్డులోకి వెళ్ళారు.

"ఇన్ని రోజులూ వీటి గురించే ఆలోచించారా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"మొదట వీటిని తెచ్చినావిడ గురించి. తర్వాతే వీటి గురించి."

"ఏమని?"

"మీరంటే ఇష్టమని. ఇంకెలా చెప్పాలో తెలియదు. నాకు అంకెలు రాయడమే వచ్చు."

ఆమె తల వంచుకుంది. ఏం చెబుతుందోనని చూస్తుండగానే నాన్నగారు తిరిగొచ్చారు.

"బాబూ, చివరి బస్సు ఎన్నింటికి?"

"ఐదూ పదికండీ."

"ఇప్పుడెంతైంది?"

"ఐదూ ఇరవై."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "టైంటేబుల్ రాసేవాళ్ళు వాచీ చూసుకోరా?"

"చూసుకున్నాను. ఐదింటికొకసారి, ఐదూ ఎనిమిదికొకసారి."

నాన్నగారు పకపకా నవ్వి, "అయితే పై గదిలో పక్క వేయిస్తా. అన్నం తిని పడుకో. పొద్దున మనం తీరిగ్గా మాట్లాడుకోవాలి," అని నా భుజం తట్టి లోపలికి నడిచారు.

ఆమె ఆయన వెనకే నాలుగడుగులు వేసి ఆగింది.

"రేపు మొదటి బస్సు ఎన్నింటికి?"

"ఆరూ నలభైకి."

"అది కూడా వదిలెయ్," అంది. నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.