తవ్విన మన్ను

ఎల్లారెడ్డిలో ఆ సాయంత్రం ముసురు పట్టింది. ఈరవ్వ ఇంట్లో తడి కట్టెలు మండక పొయ్యి పొగ చిమ్ముతోంది. నాట్లు వేసి వచ్చిన భర్త ఆశన్న గడప దగ్గర కాళ్ల బురద కడుక్కుంటున్నాడు. మేనకోడలు గంగామణి మాత్రం వాకిట్లో, వానలోనే, గొంగడి కప్పుకొని కూర్చుంది.

"లోపలికి రా బిడ్డా. తడుస్తున్నవు."

"రాను అత్తా. ఇల్లు కూలుతది."

ఏడాదిగా ఇదే మాట. ఈరవ్వ అన్న దూరాన క్వెట్టాలో మిలిటరీ దొర దగ్గర వంటమనిషి. కిందటేడు అక్కడ భూమి కదిలి ఊరంతా కూలిపోయింది. అన్నా వదినా, వాళ్ల నాలుగేళ్ల కొడుకు పోచిగాడూ ఆ మట్టి కిందే పోయారు. పదకొండేళ్ల గంగామణి ఒక్కతే బతికింది. కామారెడ్డి స్టేషనులో రైలు దిగిన పిల్లను ఆశన్న ఎడ్లబండి మీద తెచ్చుకున్నాడు.

అప్పటినుంచి ఆమె కప్పు కింద పడుకోలేదు. బండి గడగడమంటూ పోతే చాలు, పక్కింటి పిల్లల్ని రెక్క పట్టి బయటికి ఈడ్చేది. కునుకు పడితే తొడ గిల్లుకొని లేచేది. నాటు మందులయ్యాయి, తాయెత్తులయ్యాయి, తిట్లూ బతిమాలడాలూ అయ్యాయి. ఈరవ్వకు ఓపిక కూడా అయిపోయింది.

వాన జోరందుకుంది. ఈరవ్వ విసురుగా వెళ్లి పిల్లను లోపలికి లాక్కొచ్చింది. గంగామణి అరవలేదు. నేలకు చెవి ఆనించింది.

"కొడుతుండు..." అంది గుసగుసగా.

"ఎవరే?"

"తమ్ముడు. ఈడనే... కింద."

"ఛీ! ఏంది మాకీ గోస?" ఆశన్న గడ్డపార అందుకున్నాడు. "తవ్వుత. నీ కండ్లతోటి నువ్వే చూడు. ఏం లేదని తెలుస్తది."

ఇంటి నడుమ నేల పగిలింది. ఎన్నాళ్లుగానో గాలి తగలని మట్టి వాసన... చెమ్మగా, చేదుగా.

గంగామణి గుంతలోకి చూస్తూ మాట్లాడింది. "ఇద్దరం దూలం కింద చిక్కినం. వాడు చెంబుతోటి కొట్టేటోడు, నేను రాయితోటి కొట్టేదాన్ని. శానాసేపు కొట్టిన అత్తా. నిద్ర వట్టింది. లేచేసరికి... వాడు కొడుతలేడు."

ఆ తొడ మీది గిల్లుళ్లు ఎందుకో ఈరవ్వకు ఇప్పుడు తెలిసింది. పిల్లను దగ్గరికి లాక్కుంది. "నీ తప్పు కాదు బిడ్డా."

నడుములోతు తవ్వి ఆశన్న బయటికొచ్చాడు. "చూసినవా? ఉత్త మన్నే!"

గంగామణి వంగి చూసింది. ఆమె ముఖం మెల్లగా విచ్చుకుంది.

"అవును మామా, లేడు. బయటికొచ్చిండు."

గోడవారన పడుకొని కళ్లు మూసుకుంది. ఏడాది తర్వాత మొదటిసారి.

ఆశన్న దీపం వెలుతురులో మన్ను తిరిగి పోశాడు. కుప్ప అయిపోయింది. గుంత నిండలేదు.

"మన్నేమైంది?" ఈరవ్వ గుంత అంచున వంగింది.

"అంతా పోసిన... గుప్పెడు గూడ బయటికి పోలే."

తవ్విన మన్ను తిరిగి పోస్తే మిగలాలి. ఇక్కడ తగ్గింది. ఈరవ్వ దీపం కిందికి దించింది. పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకొని పడుకున్న చిన్నపిల్లవాడి ఆకారంలో లోతు...

వాకిట్లోంచి గంపలతో మట్టి తెచ్చి నింపారు. తెల్లారేసరికి మళ్లీ అదే లోతు.

గంగామణి ఇప్పుడు ఇంట్లోనే హాయిగా నిద్రపోతుంది. ఆశన్న మాత్రం ఏటా వానాకాలంలో తిట్టుకుంటూ అక్కడ మట్టి పోస్తూనే ఉన్నాడు. ఆ లోతు పూడదు. పైగా ఏటేటా కాస్త పొడుగవుతోంది.

ఈ ఏడు పదేళ్ల పిల్లవాడంత ఉంది.